వన్స్ మోరండీ

మా మిషను పిన్నిగారు పోయారు. శుక్రవారం పొద్దున్నే వాళ్ళబ్బాయి ఫోన్ చేసి "అమ్మ లేదక్కా" అన్నాడు. ఏలూరులో మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకుని, మూడు తరాల ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టిన మనిషి ఆవిడ. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు కదా, నేనూ మంచే చెప్తున్నాను. ఆవిడకి పగ తీర్చుకోవడం చాలా బాగా వచ్చు.

కొలతలిచ్చి, బట్టిచ్చి, తీరా తీసుకునే రోజున గీచిగీచి బేరమాడేవాళ్ళుంటారు. పిన్నిగారు వాళ్ళని ఒక్క మాటనేవారు కాదు. వాళ్ళ తర్వాతి జాకెట్టుకి చంక దగ్గర కాస్త బిగించేవారు, అంతే. పెళ్ళి భోజనాల్లో ఆ మనిషి ఇంకో గారె వెయ్యమని చెయ్యెత్తలేక అవస్థ పడుతుంటే, ఎదురు వరసలో కూర్చుని ఎంతో మర్యాదగా "ఏవండీ, గారెలు బాగున్నాయాండీ?" అని అడిగేవారు. "అరిస్తే గొంతు నొప్పి తప్ప ఏమొస్తుందమ్మా, కుట్టులో చూసుకోవాలి" అనేది ఆవిడ మాట.

ఆవిడకి నాటకాలంటే ప్రాణం. ఏలూరులో ఆడినా, తాడేపల్లిగూడెంలో ఆడినా పాసింజర్ ఎక్కి మరీ వెళ్ళేవారు. రంజాను నెలలో అయితే ఖర్జూరాలు చెంగున ముడేసుకుని వచ్చి, పొద్దు గుంకగానే హాలు బయట మెట్ల మీద ఉపవాసం విడిచి లోపలికి నడిచేవారు. చవక టిక్కెట్టు సంపాదించడం ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. ఫోన్లో చూస్తే ఖరీదైన సీట్లే కనబడతాయి, చవకవి హాలు కిటికీ దగ్గరే అమ్ముతారు. అందరికంటే ముందెళ్ళి నిలబడాలి, ఫ్యాను కింద సీటు అడగాలి, స్తంభం వెనకది ఇస్తే తీసుకోకూడదు. ఆ టిక్కెట్టుని జాకెట్టు లోపలికి పిన్నీసుతో గుచ్చుకునేవారు.

రెండేళ్ళ క్రితం మా ఊరికి ఒక హాస్య సంగీత నాటకం వచ్చింది. యమలోకం కథ. యముడికి షుగరు, చిత్రగుప్తుడి కంప్యూటరుకి సర్వర్ డౌను, పాపులంతా టోకెన్లు పట్టుకుని క్యూలో ఉంటారు. దేవుణ్ణి వదలరు, ఎమ్మెల్యేని వదలరు, అంతా పాటలూ పద్యాలే. గూడెంలో జనం పట్టలేదని విని, ఏలూరులో ఆడే మూడు రోజుల్లో మొదటి రోజుకే పిన్నిగారూ నేనూ తెల్లవారకుండా వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాం. ఫ్యాను కింద సీట్లు దొరికాయి. ఆ సాయంత్రం ఆవిడ పెట్టెలోంచి తీసిన చీర కట్టుకున్నారు.

తెర లేవబోతుండగా, నాటకం వేయిస్తున్న కళాపరిషత్తు ప్రెసిడెంటుగారు మా వరసకొచ్చారు. కొల్లేరు వైపు చేపల చెరువులున్న పెద్దమనిషి.

"ఏమ్మా, కాస్త లేవండి. మా చుట్టాలొచ్చారు."

"టిక్కెట్లు కొన్నామండీ," అన్నారు పిన్నిగారు.

"తెరలు కుట్టేవాళ్ళకి నాటకం ఏం అర్థమవుతుందమ్మా. వెనకాల నిలబడి చూడండి, కనబడుతుంది."

ఎదురుగా వేలాడుతున్న తెర ఆవిడ కుట్టిందే. పరిషత్తు తెరలన్నీ ఆవిడే కుట్టారు. లేచి, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచారు. ఇంటి దగ్గరికొచ్చాక "పడుకోమ్మా, పొద్దున్న పనుంది" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం నేను జాకెట్టు కోసం వెళ్తే, మిషను మీద యముడి కోటు ఉంది. చంక దగ్గర చిరిగిందట. చిత్రగుప్తుడి వేషం వేసే ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏ ఊరెళ్ళినా ఆ ఊరి మనిషినొకణ్ణి పాటలో తగిలిస్తామండీ," అన్నాడాయన. "పేరు చెప్పం, ఆనవాళ్ళు చెప్తాం. జనానికి అదే ఇష్టం. ఇక్కడ ఎవరున్నారండీ?"

పిన్నిగారు నోట్లోని దారం తీశారు. "తీరిగ్గా కూర్చోండి బాబూ. టీ తాగుతారా?"

ఆ కోటు కుట్టడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఈలోగా పెదపాడు వైపు ప్రెసిడెంటుగారి చెరువుల్లో చేపలేరే ఆడవాళ్ళకి కబురెళ్ళింది. వాళ్ళంతా పిన్నిగారి దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళే, ఆయన మాటలు పడ్డవాళ్ళే. మూడో రోజు పొద్దున్న కిటికీ దగ్గర చవక టిక్కెట్ల వరస నిండా వాళ్ళే ఉన్నారు, అందరికంటే ముందు పిన్నిగారూ నేనూ.

ఆ సాయంత్రం యముడి ముందుకి ఒక కొత్త పాపి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు, చంకలో చేపల బుట్ట. చిత్రగుప్తుడు పాట ఎత్తుకున్నాడు.

"కుర్చీ లాక్కున్నోడికి కుర్చీ లేదయ్యా
నరకమంతా చుట్టాలేను, నిలబడి చూడయ్యా
నీకేం అర్థమవుతుందయ్యా"

ముందు వరసలో ప్రెసిడెంటుగారు అందరికంటే గట్టిగా నవ్వారు. వెనక వరసలన్నీ "వన్స్ మోర్" అని కేకేశాయి. మన స్టేజీ మీద వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడి తీరాలి. పాడాడు. మళ్ళీ అడిగారు, మళ్ళీ పాడాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. పక్కన ఆయన భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కిందకి వంగిపోయింది. లేచి వెళ్దామంటే వరస నిండా చుట్టాలాయె. కేకలు కాస్త సద్దుమణిగే సరికి పిన్నిగారు ఫ్యాను కింద సీట్లోంచి, కొట్లో దారం అడిగినంత మెల్లగా, "వన్స్ మోరండీ" అన్నారు. హాలంతా మళ్ళీ లేచింది.

ఆ నవ్వుతోనే ఆవిణ్ణి గుర్తుపెట్టుకుందామనుకున్నాను. కానీ మొన్న ఆదివారం అదే హాల్లో పరిషత్తు సంతాప సభ పెట్టింది. ఫ్లెక్సీలో ప్రెసిడెంటుగారి ఫొటో నిలువెత్తున, పిన్నిగారిది మూల అరచేతంత. అది చూసి నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. వెళ్ళి వెనక వరసలో చేపలేరే ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను.

ఆయన మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు. "ఆవిడంటే మాకెంతో గౌరవం. ఈ హాల్లో ఆవిడకి ఎప్పుడూ ముందు వరసలో కుర్చీ వేశాం" అన్నారు.

నాకు సభల్లో నోరు పెగలదు. ఆ రోజు మాత్రం పిన్నిగారి గొంతు ఎంతుండేదో అంత మెల్లగా నా నోట వచ్చింది.

"వన్స్ మోరండీ."

తర్వాత నా పక్కావిడ అంది. ఆవిడ పక్కావిడ అంది. అందరూ మర్యాదగా, ఎవరూ అరవకుండా, వరస తర్వాత వరస అదే మాట. కొందరు ఏడుస్తూనే అన్నారు. ఆయన ఆ మాట మళ్ళీ చెప్పలేకపోయారు, వదిలేసి ఇంకో మాటా చెప్పలేకపోయారు. వెనకాల పిన్నిగారు కుట్టిన తెర. మేమంతా కూర్చునే ఉన్నాం. ఆయన మైకు పట్టుకుని నిలబడే ఉన్నారు.