సూది నిలబడాలి బావా

కుళాయిల పని చేసే బామ్మర్ది ఓ అట్టపెట్టె తెచ్చి పనిబల్ల మీద పెట్టగానే ఫిట్టరుకు నడుం మళ్ళీ పట్టేసినట్టయింది. పెట్టెలో ఏముందో విప్పి చూడక్కర్లేదు. షెడ్డు మూలన పట్టా కప్పి ఉన్న ఇంజన్ వైపు బామ్మర్ది చూసిన చూపులోనే అంతా ఉంది.

“విప్పు బావా, ఒక్కసారి చూడు.”

“తర్వాత చూస్తాలే. టీ తాగుతున్నా.”

టీ ఎప్పుడో అయిపోయింది. ఖాళీ గ్లాసునే చేతుల్లో అటూ ఇటూ తిప్పుతున్నాడు ఫిట్టరు.

బడి మానేసిన దగ్గర్నుంచీ ఇంజన్ల కింద పడుకున్న మనిషి. ఇప్పుడు పొద్దున లేచేసరికి వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి, వేడి గ్లాసు పట్టుకుంటే గానీ విచ్చుకోవు. కళ్ళద్దాలు లేకపోతే కొలత రేకు మీద అంకె ఆనదు. కిందకి వంగితే లేవడానికి ఏదో ఒకటి పట్టుకోవాలి. అయినా ఊళ్ళో పందేల బండ్లకి ఇంజన్ కట్టాలంటే మొన్నమొన్నటి దాకా ఈ షెడ్డుకే వచ్చేవాళ్ళు.

బామ్మర్ది, అంటే ఇంటావిడ తమ్ముడు, కుళాయిలు, పైపుల పని చేస్తాడు. సెలవొస్తే మూతపడ్డ మిల్లు వెనక మట్టి ట్రాకు మీద పాత కారొకటి తోలుతాడు. ఆ కారుకి ఇంజన్ కట్టింది బావే. వేగం కోసం బోరు పెంచాడు, క్యాము మార్చాడు, హెడ్డు అరగదీశాడు. కిందటి పందెంలో మలుపు దగ్గర లోపల ఏదో పెళ్ళుమని, ఇంజన్ ఉన్నపళంగా పట్టేసింది. కారు గిర్రున తిరిగి టైర్ల గోడకి గుద్దుకుంది. బామ్మర్ది దుమ్ము దులుపుకుంటూ దిగాడు గానీ చూస్తున్న వాళ్ళకి పైప్రాణాలు పైనే పోయాయి.

ఫిట్టరు ఇంజన్ అడుగు విప్పి చూశాడు. క్రాంకు బేరింగులు కరిగి నల్లగా అతుక్కుపోయి ఉన్నాయి. నూనె అందలేదని తెలుస్తూనే ఉంది. ఎందుకు అందలేదో వెతకడానికి చెయ్యి రాలేదు. పట్టా కప్పేశాడు.

తప్పంతా బేరింగుకి వదిలిన సందు కొలతలో ఉందన్నారు ట్రాకు దగ్గరి వాళ్ళు. “ముసలి కళ్ళు, వణికే చేతులు. ఇంకెవరికైనా ఇచ్చుంటే బాగుండేది” అంది అత్తగారు, వినపడాలనే. బామ్మర్దేమో షెడ్డుకి రావడం మానేశాడు. అది ఇంకా నొప్పి. అంతకన్నా నొప్పి ఏమిటంటే, ఫిట్టరుకే తన చెయ్యి మీద నమ్మకం పోయింది. ఆనాడు కళ్ళద్దాలు పెట్టుకున్నాడా? కొలత రెండోసారి చూశాడా? ఎంత ఆలోచించినా గుర్తురాదు. అప్పట్నుంచీ ఇంజన్ పని ముట్టుకోలేదు. బ్రేకులు, క్లచ్చి వైర్లు, గ్రీజు కొట్టడం. ఎవరైనా ఇంజన్ తెస్తే చేతిలో పనుందని పంపించేస్తున్నాడు.

షెడ్డులో కుళాయి కూడా అప్పట్నుంచీ కారుతూనే ఉంది. ఆస్థాన కుళాయి వైద్యుడు రావడం మానేశాడు కదా. ఫిట్టరు దాని కింద నూనె డబ్బా పెట్టుకున్నాడు. పగలంతా టప్పు టప్పుమని మొట్టికాయలు వేస్తున్నట్టే ఉంటుంది.

బామ్మర్ది ఆగలేక పెట్టె తనే విప్పాడు.

“నూనె పంపు. పెద్దది. పళ్ళు చూడు బావా, మామూలు దానికన్నా ఎంత పొడుగున్నాయో. కిందటిసారి నూనె అందకే కదా పోయింది? ఇది వేస్తే ఉతికి ఆరేస్తుంది. సూది నిలబడాలి బావా, నిట్టనిలువుగా నిలబడాలి.”

సూదంటే డాష్‌బోర్డు మీద నూనె ఒత్తిడి చూపించే సూది. రోడ్డు మీద కన్నా దాని మీదే ఎక్కువ చూపు బామ్మర్దికి.

“నా చెయ్యి వల్ల పోయిందంటున్నారుగా మీ ఇంట్లో?”

“అమ్మ మాటలకేంటిలే. నువ్వే కట్టాలి. వచ్చే పందానికి పేరిచ్చేశా.”

“ఎవర్నడిగి ఇచ్చావురా?”

“అక్కనడిగి.”

ఫిట్టరు గ్లాసు కింద పెట్టాడు. ఇక ఆ కోర్టులో అప్పీలు లేదు.

చీకటి పడుతుండగా ఇంటికెళ్ళి, చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూలబడ్డాడు. ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చింది.

“నన్నడక్కుండా మాటిచ్చేశావంట?”

“అడిగితే వద్దంటారు కదా, అందుకని.”

“మళ్ళీ పట్టేస్తే? ఈసారి వాడికేమైనా అయితే? మీ అమ్మ నన్ను బతకనిస్తుందా?”

“మా అమ్మ ఇప్పుడు మాత్రం బతకనిస్తోందా?” అని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగింది. పక్కనే కూర్చుంది. “మీరు కాదంటే వాడు ఇంకెవడి చేతో కట్టించుకుని తోలుతాడండీ. మానడు. ఎవడో కట్టిన ఇంజన్లో వాడు కూర్చుంటే నాకు కంటిమీద కునుకుండదు. మీరు కడితే కాస్తయినా ఉంటుంది.”

“నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదే.”

“నాకుంది. ముందు కాళ్ళు కడుక్కోండి.”

మర్నాడు పట్టా తీశాడు. ఒళ్ళంతా వద్దంటోంది. వాడి బండి, వాడి పంపు; బోల్టులు బిగించి ఇచ్చేస్తే పోలా అనుకున్నాడు. కానీ కొత్తది వెయ్యాలంటే పాతది తియ్యాలి కదా. పాత పంపు ఊడదీసి, అలవాటుగా ఇరుసు చేత్తో తిప్పాడు. ఇరుసు తిరిగింది. లోపలి పళ్ళు తిరగలేదు.

ఇరుసు లాగితే సగమే వచ్చింది. విరిగిన చోట పిండిన గుడ్డలా మెలి తిరిగి ఉంది. పంపు తిప్పే ఇరుసు తెగిపోతే ఇక నూనె ఎక్కడిది? బేరింగులు కరగక ఏం చేస్తాయి?

ఊరికే తెగదు. పంపు ఎక్కడో బిగుసుకుని ఉండాలి. నూనె ఒత్తిడి మరీ పెరిగితే పక్కనున్న చిన్న వాల్వు తెరుచుకుని, ఎక్కువైన నూనెను వెనక్కి వదిలేస్తుంది. దాన్నొక స్ప్రింగు పట్టుకుని ఉంటుంది. ఫిట్టరు దాని మూత విప్పాడు. స్ప్రింగుతో పాటు ఇత్తడి వాషర్లు అరచేతిలో పడ్డాయి. ఒకదాని మీద ఒకటి.

తను వెయ్యలేదు. అలాంటివి ఈ షెడ్డులోనే లేవు. అయినా వాటినెక్కడో చూశాడు. తలెత్తితే ఎదురుగా కారుతున్న కుళాయి.

ఇంకో నూనె డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. సంతోషం రావాలి, రాలేదు. చెయ్యి మంచిదే. ఇన్నాళ్ళూ మంచిదే. ఆ మాట చెప్పడానికి మనిషి లేక, దాని పనులన్నీ మాన్పించి కూర్చోబెట్టాడు. వేళ్ళ వంక చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత ఇంకో బెంగ పట్టుకుంది. చెబితే బామ్మర్ది తల ఎక్కడ పెట్టుకుంటాడు, అక్క మొహం ఎలా చూస్తాడు? చెప్పకపోతే రేపు ఇంకో వాషరు వేస్తాడు. వేసి, అందులోనే కూర్చుని తోలుతాడు.

మధ్యాహ్నం బామ్మర్ది ఈల వేసుకుంటూ వచ్చాడు. ఫిట్టరు పాత గుడ్డ మీద విరిగిన ఇరుసు, పక్కన వాషర్లు పెట్టాడు. ఈల ఆగిపోయింది.

“నీవేనా?”

బామ్మర్ది నేల చూపులు చూశాడు. “పందానికి ముందు రోజు వేశా. వేడెక్కాక సూది పడిపోతోంది బావా. మిగతావాళ్ళ బండ్లలో నిలువుగా ఉంది. మా పనిలో కుళాయి కారితే వాషరేగా వేస్తాం. చిన్న ముక్క, అదేం చేస్తుందిలే అనుకున్నా.”

“పొద్దున్నే చల్లటి నూనె, పాకంలా ఉంటుంది. ఎక్కువైంది పోవడానికి దారి మూసేశావు. పంపు ఎక్కడికి తొయ్యాలి? ఇరుసు అప్పుడే మెలి తిరిగింది, పందెంలో తెగింది.”

“నాకు తెలీదు బావా. ఒట్టు, ఇందాకటి దాకా తెలీదు.” మళ్ళీ ఉండబట్టలేక, “అయితే వాషరు లేకుండా పెద్ద పంపు వేస్తే సరిపోతుందిగా?” అన్నాడు.

ఫిట్టరు కళ్ళద్దాలు తీసి మొహం రుద్దుకున్నాడు. “ఓరి నీ సూది పాడుగానూ! సరే, నీ పనిలోనే చెప్పు. ఇంట్లో కింద చిన్న తొట్టి, మేడ మీద ట్యాంకు. పెద్ద మోటారు పెట్టావు. ఏమవుతుంది?”

“నీళ్ళు బాగా ఎక్కుతాయి.”

“ఎక్కుతాయి. ఆ తర్వాత?”

“తర్వాత... కింద తొట్టి ఖాళీ అవుతుంది.” ఆగాడు. “మోటారు గాలి లాగుతుంది.”

“మనకీ అంతే. పైకెక్కిన నూనె సన్నటి దారుల్లోంచి మెల్లగా కిందకి దిగాలి. నువ్వేమో తొక్కి పట్టి తోలతావు. అది దిగేలోపు ఇంజన్ అడుగు తొట్టి ఖాళీ. బేరింగులకి గాలి పెడతావా?”

“మరి తొట్టి పెద్దది పెడితే?”

“నీ బండి కింద నేలకి జానెడు లేదు. మట్టి దున్నుకుంటూ పోతావా? పందేనికా, పొలానికా?”

బామ్మర్దికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. పెద్ద పంపు చేతిలోకి తీసుకుని, పొడుగాటి పళ్ళ మీద బొటనవేలు రాసి, మళ్ళీ పెట్టెలో పెట్టాడు.

“అయితే ఏది వేద్దాం బావా?”

“మామూలు సైజుదే, కొత్తది తే. ఇరుసు మాత్రం గట్టిది చేయిస్తా. వాల్వుకి మొదట్నుంచీ ఉన్న స్ప్రింగే, వాషరు లేకుండా. అది కంపెనీవాడి లెక్క, కుళాయివాడిది కాదు.”

“తిట్టు బావా, ఇంకా తిట్టు.”

“ఓపిక లేదురా.”

నిజంగానే లేదు. అయినా కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. కరిగిన బేరింగులు తీసి కొత్తవి వేశాడు. కొత్త పంపు వచ్చాక దాని మూత పలకను గాజు మీద రాపిడి పేస్టు వేసి అరగదీశాడు, మచ్చ లేకుండా. పళ్ళకీ మూతకీ మధ్య సందు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. బామ్మర్దిని పిలిచి అంకె చదివించాడు; ఇద్దరికీ ఒకే అంకె వచ్చింది. మొదటి తిప్పుకే నూనె అందుకునేలా పళ్ళ నిండా మెత్తటి గ్రీజు కూరాడు. నూనె పీల్చే జాలీ అడుక్కి మరీ ఆనకుండా, మరీ లేవకుండా వేలు పెట్టి చూశాడు. వంగినప్పుడల్లా నడుం అరిచింది. లేవడానికి బామ్మర్ది భుజం పట్టుకున్నాడు, అడక్కుండానే వాడు వంగి ఇచ్చాడు.

పనులన్నీ పూర్తయ్యి ఇంజన్ కారులో కూర్చున్న రోజు ఇంటావిడ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. స్టార్టరు తిప్పగానే ఇంజన్ ఒకసారి దగ్గి అందుకుంది. సూది లేచింది. వేడెక్కాక కాస్త దిగి మధ్యలో నిలబడింది. బామ్మర్ది దాన్నే చూస్తూ నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

“ఇంతేనా బావా?”

“ఇంతే.”

“చాలా?”

“చాలు. ఇక రోడ్డు చూడు.”

బామ్మర్ది దిగి, ఫోను తీసి బయటికి నడిచాడు. ఇంజన్ మోత మీద వినపడాలని అరుస్తున్నాడు. “అమ్మా! బావ చెయ్యి కాదే! ఏదో చిన్న వాషరు వల్లంట... ఆ, వాషరు! ఎవరు వేశారో ఏమో, ఎవడో తెలివి తక్కువవాడు!”

ఇంటావిడ ఫిట్టరు మొహంలోకి చూసింది. “ఎవరండీ వేసింది?”

“అదిగో, చెబుతున్నాడుగా” అన్నాడు ఫిట్టరు. “ఎవడో.”

ఆవిడ తమ్ముడి వీపు వంక కాసేపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియకుండా.

ఫిట్టరు ఇంజన్ ఆపి చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికెళ్ళాడు. తిప్పితే మెత్తగా తిరిగింది. బామ్మర్ది ఎప్పుడు బాగుచేశాడో, మాటైనా చెప్పలేదు వెధవ. కడుక్కుని, కుళాయి కట్టేసి, అలవాటు కొద్దీ కింద డబ్బా జరపబోయాడు. అవసరం లేకపోయింది. డబ్బాను కాలితో పక్కకి తోశాడు.

షెడ్డు ముందు ఎవరో తోపుడుబండి మీద ఇంజన్ వేసుకొచ్చి నిలబడ్డారు. చేతిలో పని ఉందా అని అడుగుతున్నారు. ఫిట్టరు తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకుని, నిట్టూర్చి, “దించండి” అన్నాడు.