పెద్దమ్మ ఉడకబెట్టిన అడవి పసుపు

దయ్యం, గాలి, ధూళి అనెటోళ్లను నేను దగ్గరికి రానియ్య. చదివింది బాటనీ. మా ఆర్మూర్ల ఎవలన్న గసుంటి ముచ్చట తీస్తే లేచి అవతలికి పోయేదాన్ని. గిప్పటికీ నమ్మ. కని మా పెద్దమ్మ సంగతి వచ్చేసరికి అట్ల లేచి పోలేను.

పెద్దమ్మ అంటే మా అమ్మ అక్క. పెనిమిటి పోయిండు, పిల్లలు లేరు, మా ఇంట్లనే ఉండేది. నన్ను ఆమెనే సాదింది. ఎండకాలం పసుపు ఉడకబెట్టే కల్లాలకు కూలికి పోయేది, కడమ దినాలు బీడీలు చేసేది. కడాయిల పసుపుకు పుల్ల గుచ్చి, ఉడికింది అన్నదంటే ఇగ ఉడికినట్టే.

ఎనభైల చివర్ల, డిగ్రీ సెలవుల్ల, మా బాటనీ సార్ మమ్ముల ముగ్గురిని ఒక పనిల పెట్టిండు. ఫీల్డ్ ట్రైనింగ్ అన్నట్టు, జీతం గూడ ఇస్తరు. ఆర్మూర్ పక్కన ఒక గుట్టను కంకర కోసం పేలుస్తున్నరు. గుట్ట మీద అడవి పసుపు ఉండేది. మేం తిరిగిన జాగలల్ల ఇంకెక్కడ కనవడలే. గుట్ట పోయేలోపల దుంపలు తవ్వి, భీమ్‌గల్ దిక్కు ఒక బోడిగుట్ట మీద మళ్ల నాటాలె. ఎండకాలం ఆకు ఎండిపోయి దుంప భూమిల పండుకుంటది, తవ్వితే దానికేం కాదు. వాన వడంగనే లేస్తది.

తవ్వినం, సంచి నిండింది. మా ఇల్లు దగ్గర గదా అని దొడ్లె నీడకు పెట్టినం. సంచి పైలం, జాగ్రత్త అని అమ్మకు చెప్పి, గుంతలు తీసెతందుకు భీమ్‌గల్ పోయి బడిల మకాం పెట్టినం. అమ్మ గదే మాట పెద్దమ్మకు చెప్పింది. పసుపును పైలంగ ఉంచుడంటే మా దగ్గర ఒక్కటే, కుళ్లకముందే ఉడకబెట్టి ఎండబెట్టుడు.

తిరిగొచ్చేసరికి వాకిట్ల పసుపు ఎండుతున్నది. పెద్దమ్మ కోళ్లను అదిలిస్తున్నది, మొఖమంత నవ్వు.

"కూలి కింద పసుపిచ్చిన్రానే బిడ్డా? పచ్చిదే అంటగట్టిన్రు చూడు. నేనే ఉడకబెట్టిన. మస్తు మంచిగ ఉడికింది!"

ఒక్క దుంపన్న మిగిలి ఉంటదేమో అని గుట్టకు ఉరికినం. మేం తవ్విన జాగ అప్పటికే కంకరైపోయింది.

సార్ ఆమెను ఒక్క మాట అనలే. అది విత్తనమమ్మా అని మెల్లగ చెప్పిండు. ఉడికిన పసుపు మొలవదని మా దిక్కు చిన్నపోరగాళ్లకు గూడ ఎరుకే. పెద్దమ్మ అరుగు మీద కూలవడ్డది. "ఆఖరిదాన్ని నా చేతులతోని పొయ్యి మీద పెడితిని గదరా దేవుడా" అని నెత్తి కొట్టుకున్నది.

ఆ రోజు బువ్వ ముట్టలే. తెల్లారి తనే సంచి కట్టుకొని భీమ్‌గల్ బస్సెక్కింది, నేను వెంటవడి పోయిన. ఎంత చెప్పినా ఇనదు. ఎండి రాయి లెక్క అయిన కొమ్ములను గుంతల్ల పెట్టి, మన్ను కప్పి, కడవతోని నీళ్లు పోసింది. ఇగ వేరే మొక్కలు పెడదామనుకున్న గుంతలవి. సార్ అక్కడనే ఉన్నడు, వద్దనలే, పక్కకు తిరిగి కండ్లు తుడుసుకున్నడు.

వానలు మొదలైనంక పెద్దమ్మకు జ్వరం పట్టింది. ఆర్మూర్ల దవాఖానల ఉంచినం. దగ్గర నేనే ఉన్న. పొద్దున కండ్లు తెరిస్తే ఒకటే అడుగుడు, మొలకొచ్చిందా అని. ఉడికింది ఎట్లొస్తది పెద్దమ్మా అనేదాన్ని. నాకు అబద్ధం చెప్ప రాదు. ఆమె గోడ దిక్కు తిరిగి పండుకునేది.

ఒకనాడు పగటీలి నేను ఆమె చెయ్యి పట్టుకొని కూసున్న. నిద్రల ఉన్నది. ఉన్నట్టుండి కండ్లు తెరిచి నవ్వింది. ఎన్ని దినాలకో గా నవ్వు!

"వచ్చినయే బిడ్డా. సూసొచ్చిన. మూలకున్నదొకటి..."

"జ్వరం మీద ఏందేందో మాట్లాడకు పెద్దమ్మా. పండుకో" అన్న.

మాట ఆపింది. మళ్ల ఎత్తలే.

సాయంత్రం నర్సమ్మ దుప్పటి తీసి నా మీద గయ్యిమన్నది, పేషెంటును బయట ఎందుకు తిప్పుతున్నవని. పెద్దమ్మ పాదాలకు ఎర్రమన్ను అంటి ఉన్నది, ఇంకా తడి ఆరలే. ఆమె మంచం దిగక ఎన్ని దినాలాయె! మా ఇంటి సుట్టుపట్ల, దవాఖాన కాడ అంత నల్లరేగడి, ఎర్రమన్ను భీమ్‌గల్ గుట్టది. గప్పుడు నాకు గా సోయి ఏడిది? తడిగుడ్డతోని తుడిసిన. తెల్లారేసరికి పెద్దమ్మ పోయింది.

పెద్దమ్మ దినాలు అయినంక సార్‌తోని భీమ్‌గల్ పోయిన. అందాక ఎవ్వలం గుట్టెక్కలే. పెద్దమ్మ పెట్టిన గుంతలన్నీ పచ్చగున్నయి. మూరెడెత్తు ఆకులు.

ఒకదాన్ని వేర్లు తెగకుండ తవ్వి చూసిన. మొలక కింద ఉన్నది ఆమె ఉడకబెట్టిన కొమ్మే. గోరు దిగదు. ఉడికిందా అని ఆమె గుచ్చిన పుల్ల బొక్క గూడ అట్లనే ఉన్నది. సార్ చేతిల పట్టుకొని, కొన్ని సరిగ ఉడకలేదేమో అన్నడు. అని, తనే తల అడ్డంగ ఊపిండు. వరుసంత మొలిచింది మరి.

పెద్దమ్మ పోయినంక గా పదిపన్నెండు దినాల్లనే గంత ఎత్తు పెరగయి. అంటే ఆమె మంచం మీద నుంచి అడుగుతున్నప్పుడే మొలిచి ఉన్నయి. ఇదెట్ల అయిందో నాకు ఇప్పటికీ తెల్వదు. పెద్దమ్మ దయ్యమైందని ఎవలన్న అంటే ఇప్పటికీ కొట్లాడుత.

నా బాధ గది కాదు. వరుస చివర, మూలకున్న గుంతల, ఆకుల నడుమ గులాబి రంగు పువ్వు పూసి ఉన్నది. గదొక్కటే పూసింది. మూలకున్నదొకటి అని ఆమె మొదలువెట్టింది గీ ముచ్చటే. చెప్పనిస్తే నాదేం పోయేది?