ఓవర్సీర్ సాబ్ కుర్చీ వేసిన చోటు

ఆనందరావు ఓవర్సీర్ సాబ్ ఎవరింటికి పోయినా తన కుర్చీ తానే మోసుకుపోతాడు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా, దవాఖానలో పడ్డవాణ్ణి చూడబోయినా సరే, కాస్త వాలిన ఎడమ భుజం మీద ఆ టేకు మడతకుర్చీ ఉండాల్సిందే. ఇంటివాళ్లు వాల్చిన మంచం మీద కూర్చోడు, పరిచిన చాప మీద కూర్చోడు. వస్తూనే ‘బాగున్నారా’ అనడు. తల పైకెత్తి దూలాల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ, చేతికర్రతో గోడల్ని టకటక కొట్టుకుంటూ ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతాడు. ఎక్కడో ఒకచోట ఆగుతాడు. కుర్చీ విప్పి అక్కడే వేస్తాడు. ఇక ఆ ఇంట్లో తాళి కట్టినా, శవం లేచినా ఆయన కళ్లు మాత్రం కప్పు మీదనే.

యాభైల చివర, అరవైల మొదట్లో వరంగల్లు కాశిబుగ్గ వైపు ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. నిజాం జమానాలో హైదరాబాదులో రాజమహళ్ల పనులు చూసిన మనిషి. రాజ్యం పోయాక పెన్షనుతో, భార్య మార్తమ్మతో, ఆ కుర్చీతో సొంత గడ్డకు చేరాడు. ఎవరు కదిలించినా పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాడు: “రెండు మహళ్లు, ఇరవై ఆరు కమాన్లు, నూట పద్నాలుగు కిటికీలు. ఇద్దరు నక్షా దొరలను ఓర్చుకున్న.”

నక్షాలు గీసే ఆ సీమదొరల్ని ఓర్చుకోవడమే అన్నిటికంటే పెద్ద పని అన్నట్టు చివరి మాటను కొంచెం సాగదీసేవాడు.

ఇన్ని కట్టించిన మనిషి ఒట్టి భయస్థుడని ఊరంతా ఒకటే మాట. మహళ్ల కింద తిరిగినాయనకు మన పెంకుటిండ్లంటే పానం గజగజలాడుతుందని నవ్వేవాళ్లు. నవ్వుకుంటూనే ఇంకో పని కూడా చేసేవాళ్లు. సర్కారు ఓవర్సీరు ఇల్లంతా పరీక్షించి కూర్చున్నాడంటే, ఆ ఇంట్లో అంతకంటే గట్టి చోటు ఉండదు కదా. అందుకని ఆయన కుర్చీ పడిందో లేదో, చాపలు, పిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులు, అందరూ దాని చుట్టూ చేరేవాళ్లు. ఆయన ఈగల్ని తోలినట్టు తోలేవాడు.

యాకయ్య మనుమడికి తొట్టెల వేసిన రోజున పెద్ద రచ్చే అయింది. ఆయన నడిమి దూలం కింద కుర్చీ వేశాడు. యాకయ్య భార్య రాజక్క అది చూసి సంబరపడి, తొట్టెల కూడా ఆ దూలానికే కట్టమంది. ఓవర్సీర్ సాబ్ తేలు కుట్టినట్టు లేచాడు.

“ఈడ కట్టొద్దు. ఈడ నేను కూసున్న.”

“పసిపిల్లగాడు సార్. జర జాగియ్యుండ్రి,” అన్నాడు యాకయ్య.

“జాగ లేదు. ఆ మూలకు కట్టుకోండ్రి.”

“మూలకెందుకు సార్, మీ పక్కకైతే...”

ఆయన కర్రను రెండు మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని గేటు వేసిన రైలుదారిలా కూర్చున్నాడు. తొట్టెల మూలకే పోయింది. “ఇంత భయస్థుని నేనెక్కడ చూడలే. ఇరవై ఒక్క దినాల పసిగుడ్డుకు సుత జాగియ్యడు,” అని రాజక్క అందరికీ వినబడేట్టే అంది. ఆయనకూ వినబడింది. దూలం మీది నుంచి చూపు తిప్పలేదు.

సాలె కట్టయ్య బాధ ఇంకో రకం. ముసురు పట్టినప్పుడల్లా ఓవర్సీర్ సాబ్ నేతగాళ్ల షెడ్డులోకి వచ్చి కూర్చునేవాడు. ఎన్నడూ కట్టయ్య మగ్గం దగ్గర కుర్చీ వేసేవాడు కాదు.

“మొగిలి మగ్గం కాడ మూడుసార్లు కూసున్నరు. నా కాడ ఒక్కసారన్న కూసోండ్రి సార్.”

“నీ కాడ నాకేం పని?”

“నా మీద కోపమా?”

“నీ మీద కాదు, నీ మీద ఉన్న వాసం మీద సుత కోపం లేదు. నేసుకో పో.”

ఈ మాటకు కట్టయ్య నెలరోజులు అలిగాడు.

అయితే ఈ కుర్చీ మూలంగా అందరికంటే ఎక్కువ బెంగ పెట్టుకున్నవాడు యోసేపు మేస్త్రి. రఘునాథపల్లి బడిలో మూడు క్లాసులు చదివి తాపీ పట్టినవాడు. పట్టి ముప్పై ఏళ్లయింది. అతనికీ ఒక పాఠం ఉంది: “ఏడు బావులు, నాలుగు బడిగదులు, ఒక పోస్టాఫీసు. ఒక్క ఇటుక కదల్లే.” పరిచయం లేనివాళ్లకు ముందు ఇది చెప్పి, తరవాత పేరు చెప్పేవాడు.

అటువంటి వాడికి తమ పేటలో కొత్త ప్రార్థన మందిరం కట్టే పని దొరికింది. నక్షా హైదరాబాదు నుంచి వచ్చింది. గీసిన ఇంజనీరు మాత్రం రాలేదు. ఆ నక్షాలో, పాస్టరయ్యగారు నిలబడి వాక్యం చెప్పేచోటికి ముందు, విల్లులా వంచి కట్టాల్సిన పదహారు అడుగుల ఇటుక కమాను ఉంది. అది చూసి యోసేపుకు చెమట పట్టింది. బావికి కమానుండదు. పోస్టాఫీసుకు అసలే ఉండదు. పైగా ఆ మందిరంలో జరగబోయే మొదటి పెళ్లి అతని ఒక్కగానొక్క కూతురు రూతుది. మే నెలలో పెళ్లని మడికొండ వియ్యాలవారికి మాట కూడా ఇచ్చేశాడు.

పాస్టర్ సుందర్ రావు అయ్యగారు పని పైన చూడమని ఓవర్సీర్ సాబ్‌ను అడిగాడు. అడగక ముందే ఆయన కుర్చీ పునాది పక్కన పడి ఉంది.

“నక్షా గీసిన దొర ఓడెక్కి పోతడు,” అన్నాడు మొదటి రోజే. “కట్టించిన రాజు గద్దె దిగిపోతడు. గోడకు జవాబు చెప్పేటోడు ఓవర్సీరొక్కడే. వేయిస్తంభాల గుడికాడ రాత చూసిన. రుద్రదేవుడు కట్టించిండని ఉన్నది. ఆయన తాపీ పట్టిండా? ఎండల నిలబడి, ఈ స్తంభం నూలంత వాలింది మళ్ల ఎత్తుండ్రని అన్నోడెవడు? వాని పేరేది?”

“ఎవరో తెల్వదు సార్,” అన్నాడు యోసేపు.

“అదే అంటాన. తెల్వదు. ఆ వరస మళ్ల ఎత్తు. నూలంత వాలింది.”

ఒకసారి కాదు, రెండుసార్లు కమాను కూలగొట్టించాడు. మొదటిసారి సున్నం సరిగ్గా నలగలేదన్నాడు. రెండోసారి నడినెత్తి ఇటుక నవ్వుతోందన్నాడు. ఇటుక నవ్వడమేమిటో యోసేపుకు అర్థం కాలేదు గానీ, ఆ రోజు తనకు మాత్రం ఏడుపొచ్చింది. మూడోసారి కట్టాక కింది కర్రలు తీసిన దినం ఓవర్సీర్ సాబ్ అటు చూసి, “ఊఁ” అన్నాడు. బాగుందన్నట్టా, చూద్దామన్నట్టా? యోసేపు వారం రోజులు ఆ ‘ఊఁ’ను నెమరేస్తూ అన్నం సహించక తిరిగాడు.

చివరికి అతనికి ఒక ఆశ పుట్టింది. పెళ్లినాడు ఓవర్సీర్ సాబ్ గనక తన కమాను కింద కుర్చీ వేస్తే? మందిరమంతటికీ అదే గట్టి చోటని ఊరంతా చూస్తుంది. మడికొండ వియ్యంకుడూ చూస్తాడు. ఇక తన పేరుకు తిరుగుండదు.

పెళ్లి ఎల్లుండి అనగా పిలుపుకు పోయాడు. సాబ్ ఇంట్లో లేడు. మార్తమ్మ అరుగు మీద చాటలో బియ్యం ఏరుతోంది.

“అమ్మా, ఒక మాట. సార్ కుర్చీ నా కమాను కింద ఏస్తే నా బతుకు పండినట్టే. మీరన్న జర చెప్పుండ్రి.”

మార్తమ్మ చేతులు ఆగాయి. “గట్ల కోరుకోకు యోసేపూ.”

“ఎందుకమ్మా?”

“ఆయన గట్టి జాగల కూసుంటడని ఎవరు చెప్పిన్రు నీకు?”

“అందరు అంటరు గద.”

“అందరు ఎడ్డోళ్లు. ఇల్లంతట్ల ఏది పడేటట్టున్నదో చూసి, దాని కిందనే కూసుంటడు. ఆడ వేరేటోళ్లు కూసోకుండ.”

ఆమె మళ్లీ బియ్యం ఏరుకుంటూ చెప్పుకుపోయింది. పడుచుతనంలో, హైదరాబాదులో ఒక మహలు వసారా కప్పు మీద ఆయనకు అనుమానం వచ్చిందట. కాగితం రాశాడు. కాగితం నక్షా దొర బల్ల మీదికి పోయి పండుకుంది. వసారాలో నౌకర్ల పిల్లలు ఆడుకుంటూనే ఉన్నారు. వద్దంటే ఎవరు వింటారు? ఆయన ఒక కుర్చీ తెచ్చుకుని సరిగ్గా ఆ కప్పు కింద వేసుకుని, దగ్గరికొచ్చిన వాణ్ణల్లా కర్రతో అదిలిస్తూ పదకొండు దినాలు కూర్చున్నాడు. పన్నెండో దినం కప్పు కింద ఆసరాగా పోట్లు పెట్టడానికి మనుషులు వస్తుంటే, ఒక పెచ్చు ఊడి ఆయన భుజం మీదనే పడింది.

“అందుకే ఎడమ భుజం గట్ల వాలి ఉంటది. నువ్వేమో కుర్చీ మోసి వాలింది అనుకున్నవు.”

“మరి ఇంటోళ్లకు చెప్పొచ్చు గదమ్మా, దూలం బాగలేదని.”

“నలుగురిల చెప్తే ఇంటోళ్ల పరువేమైతది? శుభకార్యం చేసుకునేటోడు తల ఎత్తుకుంటడా? పిలిచిన చుట్టాలు లేసిపోరా? అందుకని భయస్థుడనే పేరు ఆయనే మీదేసుకున్నడు. ఆ పేరు మోసుడు కుర్చీ మోసుడు కంటె అల్కగనే ఉన్నదంటడు. ఆ దూలాల మరమ్మతు పన్లెట్లయితయో నన్నడుగుతవా? నువ్వు చేసినయే గద.”

అప్పుడు వెలిగింది యోసేపుకు. తొట్టెల వేసిన వారానికి, “యాకయ్య ఇంట్ల నడిమి దూలం కింద ఒక గుంజ పాతు, నా పేరు చెప్పకు,” అని తనకు కబురు పెట్టింది ఎవరు? మొగిలి మగ్గం మీద వాసం మార్పించింది ఎవరు? ఇట్లాంటివి పదో పన్నెండో చేశాడు. ముసలాయన తనకు పని చూపిస్తున్నాడనే అనుకున్నాడు తప్ప, కుర్చీకీ గుంజకీ ఎన్నడూ ముడి వెయ్యలేదు. ఏడు బావులు తవ్విన బుర్ర!

ముడి పడ్డాక ఇక నిద్రేది? ఇన్నాళ్లూ కుర్చీ కమాను కింద పడాలని మొక్కినవాడు, ఆ రెండు రోజులూ పడకూడదని మొక్కాడు.

పెళ్లినాడు పొద్దున తొమ్మిదింటికే ఓవర్సీర్ సాబ్ కుర్చీ మోసుకుని వచ్చాడు. కోటు తొడుక్కున్నాడు. తల పైకెత్తి, గోడలు కొట్టుకుంటూ బయల్దేరాడు. యోసేపు పూలదండ చేతిలోనే ఉంచుకుని వెనకాలే నడిచాడు. ఒక చుట్టు అయింది. ఆయన ఆగలేదు. రెండో చుట్టు. కిటికీల దగ్గర కాస్త ఆగి, మళ్లీ కదిలాడు. ఎన్నడూ ఏ ఇంట్లోనూ రెండో చుట్టు తిరిగిన మనిషి కాదు. మూడో చుట్టు సగంలో తల గోక్కున్నాడు. నిట్టూర్చాడు. నడుచుకుంటూ పోయి కమాను కిందనే, నడినెత్తికి కొంచెం పక్కకు, కుర్చీ విప్పాడు.

యోసేపు దండ వెయ్యడం మరిచి కమాను వైపు తల ఎత్తాడు.

“సార్ కుర్చీ పడ్డది,” అని కట్టయ్య కేకేశాడు. అంతే. చాపలు, పిల్లలు, ముసలివాళ్లు కమాను కిందికి వరదలా వచ్చారు. రాజక్క మనుమణ్ణి చంకనేసుకుని అందరికంటే ముందు చేరింది. పెళ్లికొడుకు నిలబడాల్సింది అక్కడే. రూతు నిలబడాల్సిందీ అక్కడే. మడికొండ వియ్యంకుడు మీసం దువ్వుకుంటూ, “మంచి జాగనే ఉన్నట్టుంది బావా,” అన్నాడు.

యోసేపు అయ్యగారి చెవిలో గొణిగాడు. “బయట పందిట్ల చేద్దామా అయ్యగారూ?”

“లోపల ఇంత చల్లగుంటే బయటెందుకు మేస్త్రీ? ఏం ఫికర్ పడకు.”

ప్రార్థన అయింది. పాట అయింది. యోసేపుకు ఒక్క చరణం చెవికెక్కలేదు. ఇటుకలు లెక్కపెడుతున్నాడు. నడినెత్తి ఇటుక నవ్వుతోందా? నవ్వుతున్నట్టే ఉంది. ఇప్పుడు లేచి చెబితే ముప్పై ఏళ్ల పేరు మట్టిపాలు. ఇక బావి తవ్వమని కూడా ఎవడూ పిలవడు. చెప్పకపోతే? ముసుగులో రూతు తల వంచుకుని నిలబడి ఉంది. దాని నెత్తి మీద పదహారు అడుగుల కమాను. పేరు పోతే పాయె, పిల్ల దక్కాలె అనుకున్నాడు.

“అయ్యగారూ, ఆపుండ్రి.”

మందిరమంతా చప్పున ఆగిపోయింది. వియ్యంకుడి చెయ్యి మీసం మీదే నిలిచింది. రూతు ముసుగు ఎత్తి తండ్రి వైపు చూసింది. యోసేపు నోరు తెరిచాడు.

ఆ నిశ్శబ్దంలో ఒక గురక వినబడింది.

చిన్నాచితకా గురక కాదు. రెండు మహళ్లు, ఇరవై ఆరు కమాన్లు చూసిన గురక. ఓవర్సీర్ సాబ్ కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని, ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు. కర్ర మోకాళ్ల మీద లేదు, నేల మీద పడి ఉంది. ఇరవై ఒక్క దినాలప్పుడు జాగా దొరకని యాకయ్య మనుమడు, ఇప్పుడు రెండేళ్లవాడు, ఆయన ఒళ్లో కూర్చుని కోటు గుండీ పీకుతున్నాడు. పక్కన ఎవరున్నారో ఆయనకు పట్టలేదు. ఎవర్నీ తోలలేదు. ఏ కప్పు కిందా రెప్ప వాల్చని మనిషి, యోసేపు కమాను కింద గుర్రు కొడుతున్నాడు.

“ఏంది మేస్త్రీ, ఎందుకాపమన్నవు?” అన్నాడు అయ్యగారు.

యోసేపు గొంతు సవరించుకున్నాడు. “ఏం లేదు అయ్యగారూ. జర మెల్లగ చదువుండ్రి. సార్ పండుకున్నడు.”

భోజనాల దగ్గర ఆయన విస్తరిలో స్వయంగా కూర వడ్డిస్తూ, యోసేపు మెల్లగా కదిలించాడు.

“మంచిగ నిద్రపోయిన్రు సార్.”

“ఎవరు, నేనా? కండ్లు మూసుకుని చూస్తాన.”

“మరి నా కమాను కిందనే ఎందుకు కూసున్నరు? అమ్మ అంతా చెప్పింది. పానం పోయింది నాకు.”

ఓవర్సీర్ సాబ్ మార్తమ్మ కూర్చున్న వైపు ఒకసారి గుర్రుగా చూశాడు. ముద్ద కలుపుకుంటూ అన్నాడు. “మూడు చుట్లు తిరిగిన యోసేపూ. నేను కూసునేటందుకు ఒక్క జాగ దొరకకపాయె. కాళ్లు గుంజినయి. పిల్ల మంచిగ కనబడే కాడ కూసున్న. తప్పా?”

ఆనాటి నుంచి యోసేపు మేస్త్రి పాఠం కొంచెం పెరిగింది. రైల్లో పక్కన కూర్చున్నవాడికైనా, సంతలో బెల్లం అమ్మేవాడికైనా అదే చెప్పేవాడు: “ఏడు బావులు, నాలుగు బడిగదులు, ఒక పోస్టాఫీసు. ఓవర్సీర్ సాబ్ నిద్రపోయిన కమాను ఒకటి.”