సీటక్క పట్టిన వాసన

ఆ షెడ్డులో రెండు చప్పుళ్లు ఎప్పుడూ వినిపించేవి. స్పానర్ల చప్పుడు భర్తది, కుట్టుమిషను చప్పుడు భార్యది. కార్ల సీట్లకు కవర్లు కుట్టడం ఆవిడ పని కాబట్టి వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆవిడను సీటక్క అనే పిలిచేవారు. ఎవరైనా కాగితాల మీద ఉన్న అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవరినబ్బా పిలుస్తున్నారని ఆవిడే వెనక్కి తిరిగి చూసేది.

ఆయన ముక్కు మేస్త్రీ. ముక్కు పెద్దదని వచ్చిన పేరు కాదు, పెద్దదే అయినా సరే. బండి గేటు దాటుతుండగానే, బానెట్ ఎత్తకముందే, ఒక్కసారి గాలి పీల్చి జబ్బు చెప్పేసేవాడు. "బ్రేకు పట్టేసింది." "ఆయిలు కారి సైలెన్సర్ మీద పడుతోంది." విప్పి చూస్తే చెప్పింది చెప్పినట్టు ఉండేది. వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. ఆయన మాత్రం ఇందులో ఏముందన్నట్టు మొహం పెట్టుకుని లోలోపల పొంగిపోయేవాడు. పొంగిపోయిన సంగతి సీటక్కకు ఒక్కదానికే తెలిసేది, ఎందుకంటే ఆ రోజుల్లోనే ఆయన రెండో టీ అడిగేవాడు.

ఆ ముక్కు కాస్తా పోయింది. పెద్ద జ్వరం ఒకటి వచ్చి, పోతూ పోతూ వాసనను వెంటబెట్టుకుని పోయింది. ఆయన ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న భార్యకు కూడా. ఒక పొద్దున వంటింట్లో పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పాలు పొంగి, అడుగంటి, గిన్నె నల్లబడిపోయింది. సీటక్క పెరట్లో బట్టలు ఆరేస్తున్నదల్లా ఆ వాసనకు పరుగెత్తుకొచ్చింది. పక్కనే ఉన్న మనిషి పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అంది పొయ్యి ఆర్పేసి.

ఆయన గిన్నెను చూశాడు, ఆవిడను చూశాడు. దాచి లాభం లేదని అర్థమైంది.

"జ్వరం తగ్గినప్పట్నుంచి. ఎవరితోనూ అనకు."

"అనను. డాక్టరుకి చూపించుకోండి మరి."

"వస్తుందిలే. జలుబు లాంటిదే, దానంతటదే వస్తుంది."

రాలేదు. ఆయన మాత్రం ఎప్పటిలాగే గేటు దగ్గర నిలబడి, ఎప్పటిలాగే గాలి పీల్చి, ఏదో ఒకటి చెప్పేవాడు. సగం తగిలేవి, సగం తప్పేవి. బాగున్న బ్రేకులు విప్పి మళ్లీ బిగించిన రోజు ఒకటుంది. ఊరికే గాలి పీలుస్తున్న ఆ నటన సీటక్కకు చూడబుద్ధయ్యేది కాదు. అయినా మాటిచ్చింది కాబట్టి నోరు కుట్టేసుకుంది. కుట్టడం ఆవిడకు బాగా వచ్చు.

అలాంటి రోజుల్లో నర్సమ్మ కారు వచ్చింది. నర్సమ్మ మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చి, ఇంజెక్షన్లు చేసి వస్తుంది. ఆ కారు లేకపోతే ఆవిడకు కాళ్లు లేనట్టే. కాస్త ఎత్తు ఎక్కితే చాలు, వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదకు వెళ్తోంది. ఇంజనును చల్లబరిచే ఆకుపచ్చ కూలెంట్ నీళ్లు డబ్బాలో పోసినవి పోసినట్టే మాయమవుతున్నాయి. కారు కింద చూస్తే ఒక్క చుక్క లేదు.

మేస్త్రీ చేయవలసినవన్నీ చేశాడు. రేడియేటర్ మూత మార్చాడు. ఫ్యాను తిరుగుతోందో లేదో చూశాడు. వేడెక్కినప్పుడు నీటికి దారి తెరిచే థర్మోస్టాట్ కూడా కొత్తది వేశాడు. పైపులన్నీ చేత్తో తడిమాడు, అన్నీ పొడిగానే ఉన్నాయి. కారు వెళ్లింది, మళ్లీ కాగుతూ తిరిగొచ్చింది. నర్సమ్మ తాళాలు బల్ల మీద పెట్టి, "సాయంత్రానికి ఎలాగైనా ఇచ్చెయ్యండి మేస్త్రీ గారూ. అక్కా, పక్క సీటు కుట్టు ఊడింది, అదీ కాస్త చూడు," అని గొడుగు వేసుకుని బస్సుకు వెళ్లిపోయింది. బయట వాన పడుతోంది.

"నీళ్లు బయటకి పోవట్లేదంటే ఇంజనే తాగేస్తోంది," అన్నాడు మేస్త్రీ. "హెడ్డు విప్పాల్సిందే."

ఇంజను హెడ్డు విప్పడమంటే ఇల్లు విప్పినంత పని. నర్సమ్మకు చాలా రోజులు కారు ఉండదు.

"నీళ్లు తాగితే సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ రావాలని మీరే అంటారుగా. వస్తోందా?"

"వస్తున్నట్టే ఉంది."

"వస్తోందా, వస్తున్నట్టుందా?"

ఆయన స్పానర్ల డబ్బా ముందుకు లాక్కున్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. "ఇది కూడా తప్పితే షెడ్డుకి తాళం వేసేస్తానే. అడ్డదిడ్డంగా విప్పి జనాన్ని మోసం చెయ్యలేను."

ఆ మాట సీటక్క గుండెలో సూదిలా దిగింది. చేతిలో స్పానరు లేని ఆయనను ఆవిడ ఊహించుకోలేకపోయింది. షెడ్డు మూసేసి ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుంటే ఆ మనిషి ఏమైపోతాడో తలచుకుంటేనే భయమేసింది. భయమేస్తే కూర్చుని ఏడ్చే రకం కాదు ఆవిడ. దారమూ సూదీ పట్టుకుని నర్సమ్మ కారెక్కింది.

మేస్త్రీ ఆఖరిసారి చూద్దామని ఇంజను ఆన్ చేసి బానెట్ దగ్గర నిలబడ్డాడు. వానకు అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. ముందద్దం మసకబారితే కుట్టు కనిపించక, సీటక్క వెచ్చగాలి మీట తిప్పింది. గాలి వచ్చింది. వెచ్చగా లేదు సరికదా, అద్దం ఇంకా మసకేసింది. గుడ్డతో తుడిస్తే జిడ్డు తేలింది.

అప్పుడు తగిలింది ముక్కుకు, పంచదార మాడబోయేముందు వచ్చేలాంటి తియ్యటి వాసన. ఎక్కడో బాగా ఎరిగిన వాసనే. రోగుల ఇళ్లకు తీసుకెళ్లే మందుదా? కాదు. నర్సమ్మ రాసుకునేదా? కాదు. ఎక్కడ, ఎక్కడ అని ఒక నిమిషం కళ్లు మూసుకుంది. సబ్బు నురగ, బకెట్టు, నీలం చొక్కా గుర్తొచ్చాయి. సీటక్క కళ్లు తెరిచి గబుక్కున వంగి, కాళ్ల కింద పట్టా ఎత్తి, దాని కింద తెల్లగుడ్డ అదిమి తీసింది. గుడ్డ ఆకుపచ్చగా తడిసింది.

"ఏవండీ! ఆపి ఇటు రండి!"

ఆయన తొంగిచూశాడు. "వాన నీళ్లే. నర్సమ్మ తడి గొడుగు పెట్టేది అక్కడేగా."

"ఆకుపచ్చ వాన ఎక్కడ కురిసిందండీ? వాన నీళ్లు తియ్యటి వాసన కొడతాయా?"

మేస్త్రీ లోపలికి వంగాడు. ఆ తడిని వేళ్ల మధ్య రుద్దాడు. నూనెలా జారింది.

"తియ్యగానే ఉందా? నిజంగా?" అన్నాడు చిన్నగా.

"పెళ్లయిన దగ్గర్నుంచి మీ చొక్కాలు ఉతుకుతున్నాను. గేరు ఆయిలు మార్చిన రోజు కుళ్లిన గుడ్డు కంపు. క్లచ్చి చేసిన రోజు మాడిన గుడ్డ. రేడియేటర్ పని చేసిన రోజు ఇదిగో, ఇదే. నానబెట్టకుండా ఉతికితే వదలదు కూడా. నాకు తెలీదంటారేంటి?"

నిజానికి తనకు తెలుసని ఆవిడకూ అప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్లూ ఆ వాసనలను తిట్టుకుంటూ ఉతికిందే తప్ప, అదొక విద్య అనుకోలేదు. ఇప్పుడు మాత్రం ఇంజను మీద ప్రమాణం చేసి చెప్పమన్నా చెప్పగలననిపించింది.

మేస్త్రీ నుదురు కొట్టుకున్నాడు. డాష్‌బోర్డు వెనక, లోపల కూర్చున్నవాళ్లకు వెచ్చగాలి ఇవ్వడానికి, రెండు అరచేతుల్లో పట్టేంత రేడియేటర్ ఇంకొకటుంటుంది. ఇంజనులో కాగిన నీళ్లే దానిలోకీ వెళ్తాయి. అది చిల్లుపడింది. నీళ్లు నేల మీద పడకుండా కారు లోపలే, పట్టా కిందకు కారుతున్నాయి. నీళ్లు తగ్గితే ఇంజను కాగక ఏం చేస్తుంది?

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను కదే," అన్నాడు. "గోటితో పోయేదానికి గొడ్డలి తీశాను."

ఆ తర్వాత ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఇంజను బాగా చల్లారేదాకా మూత ముట్టుకోలేదు. తొందరపడి తీసిన మూత మొహం కాల్చేస్తుందని ఆయన ప్రతివాళ్లకూ చెప్పే మాటే. చల్లారాక, ఆ చిన్న రేడియేటర్‌కు వెళ్లే పైపునూ వచ్చే పైపునూ ఊడదీసి, రెంటినీ ఒకదానికొకటి కలిపి, నీళ్లకు పక్కదారి వేశాడు. కొత్త కూలెంట్ పోసి, మూత తెరిచే ఉంచి ఇంజను నడిపాడు. లోపల చిక్కుకున్న గాలి బుడబుడమని పైకొచ్చింది. బుడగలు ఆగాక మూత బిగించాడు. ఇద్దరూ ముందు సీట్లలో పక్కపక్కనే కూర్చుని, సినిమా చూస్తున్నంత శ్రద్ధగా ముల్లును చూశారు. అది మెల్లగా లేచింది. సగానికి వచ్చింది. ఫ్యాను అందుకుంది, ఆగింది, మళ్లీ అందుకుంది. ముల్లు సగం దగ్గరే పాతుకుపోయినట్టు నిలబడింది.

సాయంత్రం నర్సమ్మ తడిసిన గొడుగుతో వచ్చింది. "ఇంజను విప్పేశారా?"

"విప్పలేదమ్మా. ఇక కాగదు, ధైర్యంగా తీసుకెళ్లు. కొత్త భాగం తెప్పించి వేసేదాకా వెచ్చగాలి ఒక్కటే రాదు." మేస్త్రీ పట్టా ఎత్తి చూపించి జరిగింది చెప్పాడు, వాసన పట్టింది ఎవరో తప్ప.

"అద్దానికి జిడ్డు పడుతుంటే వానకేమో అనుకున్నాను!" నర్సమ్మ నవ్వింది. "అందుకే అంటారు మేస్త్రీ గారూ, ముక్కంటే మీదేనని."

సీటక్క మిషను మీదకు వంగింది. ఆవిడ మాటిచ్చింది, చెప్పదు. పేరు ఆయనకే దక్కనీ, షెడ్డు తెరిచి ఉంటే అదే చాలు అనుకుంది. చాలదని లోపల ఎక్కడో చిన్న నొప్పి ఉంది, దాన్ని కూడా కుట్టేద్దామని మిషను తొక్కబోయింది.

"నా ముక్కు కాదమ్మా," అన్నాడు మేస్త్రీ.

మిషను తొక్కబోయిన కాలు ఆగిపోయింది.

"నాకు వాసన పోయి చాన్నాళ్లయింది. చెప్పుకోలేక దాచాను. దీన్ని పట్టింది మా ఆవిడ. ఇక నుంచి ఈ షెడ్డుకి ముక్కు తనే."

నర్సమ్మ నవ్వు ఆపి ఆయన మొహంలోకి చూసింది. "రేపు నాతో ఆస్పత్రికి వస్తున్నారు. రాకపోతే నా కారు ఈ గేటు తొక్కదు."

"వస్తానమ్మా," అన్నాడు బుద్ధిమంతుడిలా. సీటక్క ఎంత చెప్పినా విననివాడు.

నర్సమ్మ కారు అటు వెళ్లిందో లేదో, కుదుపుతూ ఇంకో బండి గేట్లోకి వచ్చింది. మేస్త్రీ గాలి పీల్చలేదు. పక్కకు జరిగి చోటిచ్చి, "ఏమే, ఇలా రా," అని కేకేశాడు. సీటక్క పళ్ల మధ్య దారం తెంపుకుని వచ్చి, ఆయన పక్కన నిలబడింది.

"క్లచ్చి," అంది.

విప్పి చూస్తే క్లచ్చే. సీటక్క ఇందులో ఏముందన్నట్టు మొహం పెట్టి, వెళ్లి మిషను ముందు కూర్చుంది.

ఆ రోజు రెండో టీ అడిగింది ఆవిడే. మేస్త్రీ పాలు పొయ్యి మీద పెట్టి, పేపరు జోలికి పోకుండా, అవి పొంగేదాకా గిన్నె మీంచి కన్ను తియ్యకుండా నిలబడ్డాడు.