మిరప తుమ్ముకు శకునం లేదు

మా అమ్మాయి ఏం తయారు చేస్తోందో నాకు తను చెప్పలేదు, పేపరు చెప్పింది. నలభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి కనపడిందల్లా చదువుతాను. ఎరువుల సంచి మీద రాతలు కూడా వదలను. ఆ పొద్దున, సముద్రంలో తిరిగే మన యుద్ధనౌకలు ఒడ్డుతో మాట్లాడుకునేందుకు కొత్త ఉపగ్రహం వెళ్ళబోతోందని చదివి మా ఆయనకు వినిపించాను.

ఆయన అప్పటికే ఫోను సిగ్నలు కోసం ట్రాక్టరెక్కి నిలబడి ఉన్నాడు. "నాన్నకు పొలంలో సిగ్నలు లేదు. కూతురు నడి సముద్రంలో ఓడలకిచ్చుద్దంట! బాగుందే," అన్నాడు.

ప్రయోగానికి ముందు అమ్మాయి రెండు రోజులు ఇంటికొచ్చింది. పేపర్లో చదివానే అంటే, "నీకు చదువు రావడం నా చావుకొచ్చింది," అని నవ్వి, ఒక్క సంగతి చెప్పింది. ఉపగ్రహంలో సున్నితమైన భాగాలకు మూతలు పెట్టి, మర్చిపోకుండా ఎర్ర పట్టీలు కడతారట. రాకెట్టు తలలో పెట్టి మూసే ముందు అవన్నీ తీసెయ్యాలి. ఒక్కటి మిగిలినా మూడేళ్ళ కష్టం మట్టిపాలే. కట్టింది తనే. తీసేది కూడా తనే.

"ఉపగ్రహం ఉన్న గదిలోకి దుమ్ము కూడా పోకూడదమ్మా. ఒళ్ళంతా తెల్లబట్టలు కప్పుకుని వెళ్ళాలి. దాని మీద చివరిసారి చెయ్యి వేసేది నేనే," అంది. పెళ్ళిచూపులనాడు కూడా దాని ముఖం అంత వెలగలేదు.

అంతా విన్నదాన్ని, నేను చేసిన నిర్వాకం వినండి. కళ్ళంలో కొత్త మిరపకాయ ఎండగానే మొదటి కారం ఇంటి ఆడపిల్ల తినాలని మా ఇంటి ఆనవాయితీ. అది నిద్ర లేవకముందే సరిగ్గా దాని కిటికీ కింద రోలు పెట్టుకుని దంచాను. వెల్లుల్లి వేసి, వేడన్నంలో నెయ్యితో కలిపి పెట్టాను. మూడు ముద్దలు తిని ముప్ఫై తుమ్ములు తుమ్మింది.

బయల్దేరేటప్పుడు గడప దగ్గర కూడా తుమ్మింది. వేరే ఊళ్ళో అయితే కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కాసేపు ఆగి పంపిస్తారు. మా వైపు కాయల కాలంలో అలా ఆగితే ఎవరూ ఇల్లు కదలరు. అందుకే దాన్ని శకునాల్లో కలపం.

"మిరప తుమ్ముకు శకునం లేదు, పోయిరా తల్లీ," అంది మా అత్తగారు, తనూ తుమ్ముతూ.

"మా గదిలో ఉంది నాయనమ్మా!" అని ముక్కు తుడుచుకుంటూ దర్శిలో బస్సెక్కింది.

మిగిలిన కారం అంతకుముందే స్టీలు డబ్బాలో పోసి, కదలకుండా దాని బ్యాగులో ఉతికిన బట్టల మధ్య సర్ది ఉంచాను. మూత దారిలో ఊడింది.

మర్నాడు ఫోను. "ఏం పెట్టావమ్మా బ్యాగులో? తువ్వాళ్ళూ చున్నీలూ అన్నీ కారమే! ఎన్నిసార్లు స్నానం చేసినా తుమ్ములు ఆగట్లేదు. తగ్గేదాకా లోపలికి రావద్దన్నారు. మూసేది రేపే."

నాకు తెలిసిన వైద్యం చెప్పాను. "వాము నలిపి వాసన చూడవే. ఆవిరి పట్టవే."

"అమ్మా, ఇంక నీ వైద్యం వద్దులే," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ ముక్కు గొంతులో తెలియలేదు.

తుమ్ములు తగ్గలేదు, లోపలికి పంపలేదు. అద్దానికి ఇవతల మైకు ముందు కూర్చుని మా అమ్మాయి మూతల జాబితా చదువుతుంటే, లోపల తోటి ఇంజనీరమ్మాయి ఒక్కొక్క మూతా తీసిందట. ఆఖరి ఎర్ర పట్టీని అద్దం దగ్గరకు తెచ్చి ఇటు చూపించిందట. మా అమ్మాయి సరేనని తలూపి, మైకు ఆపి, అప్పుడు తుమ్మిందట.

ప్రయోగం రోజు కళ్ళంలో కాయలు ఏరడం ఆపి అందరం టీవీ ముందు చేరాం. అంకెలు తగ్గుతున్నాయి. ఐదు అంటుండగా మా అత్తగారు ఇల్లదిరేలా తుమ్మింది. అందరం టీవీ వదిలి ఆమె వైపు తిరిగాం.

"ఏందట్టా చూస్తారు? ఇందాకటిదాకా కాయలేగా ఏరింది! ఇది లెక్కలోకి రాదు," అని గదమాయించింది. ఆమెకు భయపడే లేచినట్టు రాకెట్టు లేచింది.

ఉపగ్రహం క్షేమంగా పైకి చేరి మాట్లాడుతోందన్నారు. మా ఫోను మాత్రం కలవలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మెసేజి పెట్టాను: "నా వల్ల లోపలికి పోలేకపోయావు. కోపమా?"

జవాబు కోసం ట్రాక్టరెక్కాల్సి వచ్చింది. మా ఆయన భుజం పట్టుకుని, పైన నిలబడి చదివాను.

"కోపమే. ఒలికింది పోగా కారం నాలుగు ముద్దలకే వచ్చింది. మళ్ళీ పంపు. ఈసారి బట్టల్లో పెట్టకు."