రెండుసార్లు పడిన అక్షరాలు

లినక్స్ చెప్పే సారు హైదరాబాదులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఆ క్లాసు నేను చెబుతానంటే మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ యజమాని మొహం చిట్లించాడు. "టైపు నేర్పుడు వేరు, లినక్స్ చెప్పుడు వేరు మేడం. సరే, ఇయ్యాల సాయంత్రం ఒక్క క్లాసు చెప్పున్రి. పిల్లలకు అర్థమైతే సూద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒకసారి టైపు మేడం అనిపించుకుంటే చచ్చేదాకా టైపు మేడమేనా?

ఆ రోజు సిద్దిపేట బంద్. తెలంగాణ కోసం నడిరోడ్డు మీద వంటావార్పు. నెట్ సెంటర్లన్నీ మూత. పుస్తకం సారుతోపాటే పోయింది. మిగిలింది కంప్యూటర్ లోపలే ఉండే మాన్యువల్. పిల్లలకు పంచుదామని అందులో ఒక పేజీని ఫైల్లో దాచి, తెరిచి చూశాను. శీర్షికల్లో ప్రతి అక్షరమూ రెండేసిసార్లు, మధ్యలో ఏవో పిచ్చి గుర్తులు. చేత్తో చెరపడం మొదలుపెట్టాను. సగం కాకముందే కరెంటు పోయింది, పని మళ్లీ మొదటికొచ్చింది. కూర్చోలేను, నిలబడలేను. కిటికీ దాకా పోతాను, నినాదాలు వింటాను, తిరిగొస్తాను. గడియారాన్ని చూస్తేనే కోపం వచ్చింది.

కరెంటు వచ్చాక ఆ గుర్తులను తీరిగ్గా చూశాను. అవి బ్యాక్‌స్పేసులు. నవ్వొచ్చింది. టైపు మిషన్ మీద శీర్షిక నల్లగా రావాలంటే నేను చేసేదీ అదే. అక్షరం కొట్టి, వెనక్కి జరిపి, దాని మీదే మళ్లీ కొట్టాలి. ఇంత పాత పద్ధతికి మందు ఎవరో కనిపెట్టే ఉంటారనిపించింది. మాన్యువల్‌ను ఎలా వాడాలో చెప్పే పేజీని ఓపిగ్గా చివరిదాకా చదివితే, అడుగున ఒక ఆదేశం దొరికింది: col -b. అది తగిలించగానే జంట అక్షరాలన్నీ ఒక్కటయ్యాయి. ప్రింట్లు తీశాను. శీర్షికల నలుపు కూడా పోయింది, అదొక్కటే లోటు.

సాయంత్రమైంది. ఒక్కరూ రాలేదు. క్లాసు జరగకపోతే యజమాని కొత్త సారును తెచ్చుకుంటాడు. కాగితాలు పట్టుకుని రోడ్డు మీదికి నడిచాను. బ్యాచ్ మొత్తం పొయ్యిల దగ్గరే ఉంది. యజమాని గరిటె పట్టుకుని కిచిడీ కలుపుతున్నాడు.

"గీడ్నే చెప్పున్రి మేడం" అని పిల్లలు జాగ ఇచ్చారు. ఒకమ్మాయి కాగితం అటూ ఇటూ తిప్పింది. "ఇందుల ముఖ్యమైంది ఏది మేడం? అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి."

"నేను రెండుసార్లు చెప్పిందే ముఖ్యం" అన్నాను.

శీర్షిక వచ్చినప్పుడల్లా నినాదాలను మించి అరిచి రెండుసార్లు చెప్పాను. పిల్లలు ప్రశ్నలు అడిగారు, జవాబులు చెప్పాను. ఒక్కరూ లేచి పోలేదు. కిచిడీ అడుగంటుతున్నా యజమాని వింటూనే ఉన్నాడు.

చివరికి దగ్గరికొచ్చి, "రేపట్నించి గీ క్లాసు మీరే సూస్కోన్రి మేడం" అని గొణిగాడు.

నాకు స్పష్టంగానే వినబడింది.

"ఇంకోసారి చెప్పున్రి సార్" అన్నాను.