ఒదాల్మిస్ విప్పి కట్టిన మూట

ఒదాల్మిస్ నిజానికి కంప్యూటర్ల మనిషి కాదు. మా పాలిక్లినిక్‌లో ముప్పై ఏళ్లుగా రోగుల రికార్డులు చూసే గుమాస్తా. వాటిని చూసే ఇద్దరు ఇంజనీర్లలో ఒకడు, టిప్పులే జీతాన్ని మించుతాయని సముద్రం ఒడ్డు హోటల్లో సామాన్లు మోసే పనికి పోయాడు. రెండోవాడు పోతున్నానని చెప్పను కూడా చెప్పలేదు. వాళ్ల తాళాల గుత్తి ఈవిడ బల్ల మీదికొచ్చి పడితే, వద్దనే ఓపిక కూడా లేక ఉంచేసుకుంది. యాభై ఏడేళ్ల మనిషి. తెల్లారకముందే రొట్టెల వరసలో నిలబడి, బొగ్గుల పొయ్యి మీద కాఫీ కాచుకుని, బస్సు రాకపోతే నడిచొస్తుంది. బస్సు రాదు. నేను పక్క గదిలో టీకాలు వేస్తాను కాబట్టి ఆవిడ నిట్టూర్పులన్నీ నాకే వినబడతాయి.

మొన్నటి గొడవ లిబ్రాదో గురించి. లిబ్రాదో మా టెలిఫోన్ ఆపరేటర్. పుట్టుకతోనే చూపు లేదు. ఇరవయ్యారేళ్లుగా మెట్ల కింది ఆ ఇరుకు గదిలో కూర్చుని, అవతలివాళ్లు హలో అనగానే ఏ వీధి మనిషో చెప్పేస్తాడు. అలాంటివాడికి ఇప్పుడొక పాత కంప్యూటర్ వచ్చి పడింది. సోమవారం నుంచి డాక్టర్ల అపాయింట్‌మెంట్లన్నీ అందులోనే రాయాలట.

తెర మీది అక్షరాలు చదివి వినిపించే ప్రోగ్రాం ఉంది, దాన్ని వాడటం అతనికి బాగానే వచ్చు. చిక్కల్లా ఆ మెషీన్‌తోనే. డిస్కు ఎప్పుడో చచ్చిపోయింది, పెన్‌డ్రైవ్‌లో ఉన్న లినక్స్ అనే సిస్టమ్‌తో లేస్తుంది. లేస్తుంది గాని నోరు విప్పదు. కళ్లున్నవాళ్లెవరో వచ్చి, దాన్ని పలికించే సౌండ్ డ్రైవర్ అనే ఫైల్‌ని చేత్తో ఎక్కించాలి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మళ్లీ అదే తంతు. క్యూబాలో కరెంటు రోజుకి ఎన్నిసార్లు పోతుందో నన్నడక్కండి.

"తన మెషీన్ తను లేపుకోలేని మనిషిని అక్కడెలా కూర్చోబెట్టను? సోమవారానికి కుదరకపోతే పెన్షన్ కాగితాలు తయారుచేయిస్తాను," అంది మా డైరెక్టరమ్మ. దులిపేద్దామని నాలుగు మాటలు నా నోటిదాకా వచ్చాయి. ఒదాల్మిస్ నా చెయ్యి నొక్కింది.

లిబ్రాదో మాత్రం, "ఇంట్లో కూర్చుని ఏం చెయ్యనండీ? మా ఇంట్లో ఫోన్ కూడా లేదు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ రోజు అన్నం డబ్బా మూత తియ్యలేదు.

కంప్యూటర్ లేచీ లేవగానే ముందుగా ఒక చిన్న మూట విప్పుకుని, అందులోని సామానుతో మిగతా పని మొదలెడుతుందట. దాన్నే బూట్ ఇమేజ్ అంటారట. డ్రైవర్‌ని ఆ మూటలోనే పెట్టి, దానంతటదే ఎక్కేలా ఒక వాక్యం రాసేస్తే మెషీన్ లేస్తూనే మాట్లాడుతుంది. ఒదాల్మిస్ నాకు చెప్పింది ఇంతే, నాకు అర్థమైందీ ఇంతే. ఆ వారం కరెంటు ఉండేది పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా. ఆవిడ పాత లాప్‌టాప్‌కి బ్యాటరీ లేదు. బుధవారం మూట విప్పితే ప్రాసెసర్‌కి సంబంధించిన ఫైలేదో ఒక్కటే కనబడింది. దాని వెనకాల అసలు మూట ఇంకోటి అతికించి ఉందని తెలిసేసరికి కరెంటు పోయింది. గురువారం డ్రైవర్ పెట్టి, మళ్లీ కట్టి, పెన్‌డ్రైవ్‌కెక్కించింది. మెషీన్ నాలుగు వరసలు తెర మీద పారేసి ఆగిపోయింది. మళ్లీ కట్టింది, మళ్లీ అంతే.

శుక్రవారం తొమ్మిదికి ఆవిడ లిబ్రాదో గదిలోనే బల్లకి ఆనుకుని కూర్చుంది. కళ్లు గుంటలు పడ్డాయి.

"ఇంకా లొంగలేదా అది?" అన్నాడు లిబ్రాదో.

"అది లొంగదు. నేనే లొంగిపోయేట్టున్నాను. ఒళ్లు కూలబడిపోతోందయ్యా."

"కట్టిన మూటలో ఏముందో నాకు చదివి వినిపించు."

"మూడొందల పేర్లున్నాయి."

"ఊళ్లో నెంబర్లన్నీ నోటికొచ్చినవాణ్ణి. మూడొందలు నాకో లెక్కా? చదువు."

విసుక్కుంటూనే మొదలెట్టింది. "లిబ్రాదో, బిన్. లిబ్రాదో, డెవ్. లిబ్రాదో, ఇనిట్. లిబ్రాదో, లిబ్..."

"ఆగాగు. ప్రతిదానికీ ముందు నన్నెందుకు పిలుస్తున్నావు?"

"నిన్ను పిలవడం కాదు. ఫోల్డర్‌కి నీ పేరు పెట్టాను, నీ పనే కదా అని."

"మొదట విప్పినప్పుడు ఉందా అందులో నా పేరు?"

ఒదాల్మిస్ తెర మీదికి వంగింది. నేను సిరంజి పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. రికార్డుల గదిలో ఏ కాగితం వచ్చినా మనిషి పేరు రాసిన అట్టలో పెట్టి, అట్టతో సహా కట్టడమే ఆవిడకి ముప్పై ఏళ్ల అలవాటు. ఇక్కడా అదే చేసింది. అట్ట లోపలికి వెళ్లి సామాను మాత్రం కట్టాల్సింది, బయట నిలబడి అట్టని కూడా కట్టేసింది. మెషీన్ మూట విప్పుకుని పైపైనే వెతికితే, లిబ్రాదో అనే ఫోల్డర్ తప్ప దానికి ఏమీ దొరకలేదు. ఆ పేరు రెండు రోజులుగా ఆవిడ కళ్ల ముందే ఉంది. అలిసిన కళ్లు దాన్ని దాటుకుంటూ పోయాయి.

"నా బుద్ధి గడ్డి తిన్నది," అంది మెల్లిగా.

ఫోల్డర్ లోపలికి వెళ్లి మళ్లీ కట్టింది. పదిన్నర దాటాక పెన్‌డ్రైవ్ లిబ్రాదో చేతిలో పెట్టి, తన చేతులు ఒళ్లో పెట్టుకుంది. అతనే తడుముకుని గుచ్చాడు, అతనే మీట నొక్కాడు. ముక్కుతో మాట్లాడే ఒక గొంతు, "మీ పేరు రాయండి," అంది.

లిబ్రాదో రాయలేదు. మెషీన్ ఆపి, మళ్లీ లేపాడు. ఆపి, మూడోసారి లేపాడు. ప్రతిసారీ మాట్లాడింది. నాకు ఏడుపొచ్చి, అవతల పిల్లలు ఎదురుచూస్తున్నారని చెప్పి వెళ్లిపోయాను.

ఇద్దరు పిల్లలకి టీకాలేసి తిరిగొచ్చేసరికి ఒదాల్మిస్ బల్ల మీద తల వాల్చి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. ఫోన్ మోగింది. అవతల డైరెక్టరమ్మ.

"ఒదాల్మిస్ మీటింగ్‌లో ఉందండి," అన్నాడు లిబ్రాదో. "ఎప్పటికవుతుందో చెప్పలేనండి, పెద్ద మీటింగే... మెషీనా? మాట్లాడుతోందండి. సోమవారం మీరే వచ్చి వినండి."

ఫోన్ పెట్టేసి, ఒదాల్మిస్ ఊపిరి వినబడేవైపు కాసేపు చెవి పెట్టాడు. తర్వాత స్పీకర్ మీది వాల్యూమ్ బిళ్ల తడుముకుని, తన ఉద్యోగం నిలబెట్టిన ఆ గొంతుని తనకి మాత్రమే వినబడేంతగా తగ్గించాడు.